అందించు చేయి కొట్టవలసిన వేళ

ఈ మాసమున ఊరగాయల సంగతియో, పసిబిడ్డల పోషణమో వ్రాయక, బంతియాటను గూర్చి వ్రాయుచున్నందుకు సోదరీమణులు నన్ను చూచి నవ్వుకొందురేమో. నవ్వినను సరియే, చివరివరకు చదువుడని మాత్రము కోరుచున్నాను. గడచిన రెండు మాసములుగా మా యింట సాయంకాలపు మాటలన్నియు ఈ యాట చుట్టును తిరిగినవి. మా అమ్మాయి ఆట మానుకొనునంతవరకు వచ్చిన చిక్కు అది. ఆ చిక్కు విప్పుకొనుటలో నేను నేర్చుకొన్నది ఆడపిల్లలు గల తల్లులకు పనికివచ్చునని తోచి, ఈ నెల నా పుటను దానికే కేటాయించితిని.

మా అమ్మాయి జగ్గయ్యపేటలో తొమ్మిదవ తరగతి చదువుచున్నది. పాఠశాల వాలీబాల్ జట్టులో ఆమె సెట్టరు. లిఫ్టరనియు కొందరందురు. ఆట చూడని సోదరీమణులకై రెండు మాటలు చెప్పెదను. నెట్టునకు ఇటు ఆరుగురు, అటు ఆరుగురు నిలుతురు. బంతి మనవైపు వచ్చిన పిదప మూడు తాకులలోపల దానిని అవతలికి పంపవలెను. ఒకరే వెంటవెంట రెండుమారులు తాకరాదు. మొదటి తాకు వచ్చిన బంతిని కాచుకొనుటకు. రెండవది దానిని నెట్టు చెంత ఎత్తుగా, ఒడుపుగా లేపి అందించుటకు. మూడవది ఎగిరి కొట్టుటకు. ఆ రెండవ తాకు సెట్టరుది. కొట్టినవారికి చప్పట్లు లభించును. అందించినవారిని తలచువారు అరుదు.

"ఇది పెండ్లిలో వడ్డన వంటి పనే అమ్మాయీ! అన్నీ సరిగా అందితే ఎవరూ నీ మొగము చూడరు. పప్పులో ఉప్పు తక్కువైతే మాత్రం పంక్తి అంతా నీ వంకే చూస్తుంది" అని మా అత్తగారు ఒకనాడు నవ్వుచు అనిరి. ఆ మాటలో సత్యము ఎంత కలదో నందిగామలో తెలిసినది.

నందిగామలో జరిగిన పాఠశాలల పోటీకి ఈమారు నేనును పిల్లల వెంట వెళ్లితిని. చిల్లకల్లు వద్ద పెద్దరోడ్డు ఎక్కినది మొదలు బస్సు దిగువరకు పిల్లలు పాటలు పాడుచునే యుండిరి. మధ్యాహ్నము ఆట మొదలయ్యెను. రెండు జట్లును చెరియొక సెట్టు గెలిచినవి. తీర్పు చెప్పవలసిన మూడవ సెట్టు 15 పాయింట్లది. అందులో ఇరువురును 13 వద్ద సమముగా నిలిచిరి.

అప్పుడు మా పిల్లలు ఎదుటివారి సర్వీసును చక్కగా కాచి, బంతిని నెట్టు దగ్గరకు పంపిరి. మా అమ్మాయి వెనుకనుండి పరుగెత్తి వచ్చి, రెండు చేతులు ఎత్తి గాలిలోనికి లేచెను. అవతలి పిల్లలందరు మా స్మాషరు వైపు కదలిరి. అంతలో మా పిల్ల ఎడమచేతితో బంతిని చప్పున నెట్టు మీదుగా, వారి వెనుకనున్న ఖాళీ నేలపైకి దింపెను. బంతి నేలను తాకెను. మా పిల్లలు కేక వేసిరి. నేనును తెలియకుండ లేచి నిలుచుంటిని.

ఈల మ్రోగెను. రిఫరీ అరచేయి తెరచి, ముంజేతిని పైనుండి క్రిందికి దింపి సైగ చేసి, పాయింటును అవతలివారికి ఇచ్చిరి. తరువాతి బంతితో ఆట ముగిసినది. మేము ఓడితిమి.

ఆటలో ఓడుట వింత గాదు. కాని ఆట నేర్పువారు అందరి యెదుటను "సెట్టరు పని అందించడం. కొట్టడం నీ పని కాదు. ఇకమీద ఎన్నడూ అట్లా చేయవద్దు" అని కోపించిరి. బస్సులో తోడిపిల్ల యొకతె "పేరుకోసం కొట్టింది" అని మెల్లగా అన్నది. మెల్లగా అన్న మాటలే దూరము వినబడును. వచ్చునప్పుడు ఉన్న పాటలు పోవునప్పుడు లేవు. ఆ రాత్రి మా అమ్మాయి అన్నము ముందు కూర్చుండి, మెతుకులు కెలికి, "అమ్మా, రేపటినుంచి నేను ఆటకు పోను" అన్నది.

నేను వెంటనే ఏమియు చెప్పలేకపోతిని. ఈల ఏల మ్రోగినదో నాకు తెలియదు. పిల్ల చేసినది తప్పో, ఒప్పో కూడ తెలియదు. తెలియని సంగతిలో ఓదార్పు మాటలు చెప్పుట తేలికయే. పిల్లలు మాత్రము ఆ మాటలలోని డొల్లతనమును ఇట్టే కనిపెట్టుదురు. కావున మా వారిని అడిగి, ఆట నియమముల పుస్తకము తెప్పించుకొని, వంట ముగిసిన పిదప దీపము ముందు కూర్చుండి చదివితిని. శబ్దమంజరి చదివిన నాటికంటె ఎక్కువ శ్రద్ధతో చదివితినన్నచో అతిశయోక్తి గాదు.

మరునాడు ఆదివారము. వరండాలో ముగ్గుపిండితో రెండు సమచదరములను ఒకదానికొకటి ఆనుకొనునట్లు గీసితిని. ఒక్కొక్కటి 9 మీటర్ల భుజము గలదని అనుకొనుడు. రెంటి నడుమనున్న గీతయే నెట్టు. నెట్టునుండి 3 మీటర్ల దూరమున, అనగా చదరములో మూడవవంతున, ఇరువైపులను మరియొక గీత గీసితిని. మావైపు ఆరు చింతగింజలు పెట్టితిని. నెట్టు చెంత ముందు వరుసలో మూడు, వెనుక వరుసలో మూడు. అవతలివైపు ఆరు శనగలు. చింతగింజలలో ఒకదానికి కుంకుమ పెట్టి, అది మా అమ్మాయి యనుకొంటిమి. మా అత్తగారు కూడ పీట వేసికొని వచ్చి కూర్చుండిరి. ఈ ముగ్గును మీ యింటను వేసి చూచుకొనవచ్చును. చెప్పిన దానికంటె చూచినది త్వరగా పట్టువడును.

అవతలివారి సర్వీసుపై పాయింటు గెలిచి, సర్వీసు మనకు వచ్చినప్పుడెల్ల మన ఆరుగురును గడియారపు ముల్లు తిరుగు దిక్కున ఒక్కొక్క స్థానము జరుగవలెను. కుంకుమ గింజను అట్లు జరుపుచు పోగా, ఆరు స్థానములలో మూడింట అది ముందు వరుసలోను, మూడింట వెనుక వరుసలోను ఉండుట అందరికి కనబడినది. సర్వీసు కొట్టిన పిదప ఎవరు ఎచ్చటికైనను పరుగెత్తవచ్చును. కనుకనే వెనుక వరుసలోనున్న సెట్టరు నెట్టు దగ్గరకు వచ్చి బంతిని అందింపగలదు. అయినను కాళ్లు ముందుకు వచ్చినంతమాత్రమున ఆమె ముందు వరుసకు చెందినది కాదు. తిరిగి జరుగువరకు ఆమె వెనుక వరుసదే.

చిక్కంతయు ఇచ్చటనే యున్నది. వెనుక వరుస ఆటకత్తె ఆ 3 మీటర్ల గీతకు ముందున్న భాగములో, బంతి పూర్తిగా నెట్టు పైయంచుకంటె ఎత్తున నున్నప్పుడు, దానిని అవతలికి కొట్టరాదు. గీతకు వెనుకనుండి ఎగిరినచో కొట్టవచ్చును. గీతకు ముందున్నను, బంతిలో ఏ కొంచెమైనను పైయంచునకు దిగువన నున్నచో అవతలికి పంపవచ్చును. స్త్రీల ఆటలో నెట్టు ఎత్తు 2.24 మీటర్లు, అనగా 7 అడుగుల 4 అంగుళములకు కించిత్తు పైన. నందిగామలో మా పిల్ల గాలిలోనికి ఎగిరి తాకినది. బంతి పైయంచునకు పైన నున్నది. ఆ సమయమున ఆమె వెనుక వరుసలో నున్నది. అందువలన ఈల మ్రోగినది. రిఫరీ తీర్పు న్యాయమైనదే.

అమ్మాయి ఆ కుంకుమ గింజను చేతబట్టుకొని చాలసేపు చూచెను. తుదకు "అయితే అమ్మా, కొట్టడం తప్పు కాదు, అప్పుడు కొట్టడం తప్పు" అన్నది.

ఆ మాట వినగానే, చిన్ననాడు మా తండ్రిగారి చెంత చదివిన విరాటపర్వము నాకు తలపునకు వచ్చినది. అర్జునుడు బృహన్నలయై ఒక సంవత్సరము విరాటుని కొలువున ఆట పాట నేర్పుచు గడపెను. కౌరవులు గోవులను పట్టినప్పుడు ఉత్తరకుమారునకు సారథియై రథము తోలెను. రాకుమారుడు భయపడి పారిపోగా వానిని పట్టి తెచ్చి, జమ్మిచెట్టు మీదనుండి గాండీవము దింపించి, పగ్గములను ఉత్తరుని చేతికిచ్చి, తానే యుద్ధము చేసెను. రథము నడపువాడే విల్లందుకొన్న ఘట్టమది. అప్పుడు దుర్యోధనుడు ఏమనెను? అజ్ఞాతవాసపు గడువు తీరకముందే అర్జునుడు బయటపడినాడు గనుక మరల పండ్రెండేండ్లు అడవికి పోవలెననెను. భీష్ముడు అధికమాసములతో సహా లెక్క కట్టి, గడువు తీరినదని తేల్చెను. ఆ లెక్క తప్పియున్నచో, అంతటి పరాక్రమమును పాండవులకు చేటే తెచ్చియుండును. గాండీవము అదియే, చేయి అదియే. వేళ యొక్కటే భేదము. మా అమ్మాయి గడువు తీరకముందే విల్లందుకొన్నది. అంతకుమించి ఆమె తప్పేమియు లేదు.

మా అత్తగారు మాత్రము అంత త్వరగా ఒప్పుకొనలేదు. "గడువు సంగతి సరే. అందించే పిల్లకు అసలు కొట్టాలన్న ఆశ ఎందుకు? కొట్టేవాళ్లు వేరే ఉన్నారు గదా!" అనిరి. ఇది తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న గాదు. ఆట నేర్పువారు అన్నదియు, తోడిపిల్ల అన్నదియు ఇదియే. దీనికి జవాబును శనగలలోనే వెదకితిమి.

కుంకుమ గింజ ముందు వరుసలో నున్నప్పుడు, దాని ప్రక్క ఎగిరి కొట్టగలవి రెండు గింజలే మిగులును. వెనుకనుండి ఎగిరి కొట్టగలవారు పిల్లల జట్లలో అరుదు. అవతల నెట్టు చెంత చేతులెత్తి అడ్డుకొనుటకు శనగలు మూడున్నవి. మన సెట్టరు ఎన్నడును కొట్టదని అవతలివారికి తెలిసినచో, మూడవ శనగ ఆమె మొగమైనను చూడదు. బంతి ఆమె చేతికి చేరకముందే స్మాషరు వైపునకు బయలుదేరును. అప్పుడు మన స్మాషరు యెదుట రెండు జతల చేతులు గోడవలె లేచును. ఎంత గట్టిగా కొట్టినను బంతి తిరిగి మన నేలపైననే పడును.

ఆ సెట్టరు అప్పుడప్పుడు రెండవ తాకునకే బంతిని అవతలికి దింపునని తెలిసినచో కథ మారును. ఆటగాండ్రు దీనిని డంప్ అందురు. మూడవ శనగ ఆమెను వదలి కదలలేదు. రెప్పపాటు కాలము ఆగి, ఆమె ఏమి చేయునో చూడవలెను. బంతి స్మాషరు వైపు పోయిన పిదప పరుగెత్తినను సమయమునకు అందుకొనలేదు. కాబట్టి స్మాషరునకు ఎదురుగా ఒక్క జత చేతులే మిగులును. సెట్టరు కొట్టిన దెబ్బకు వచ్చు పాయింటు ఒక్కటే. ఆమె కొట్టునేమో యన్న శంకవలన తోటివారికి వచ్చు పాయింట్లు ఎన్నో. పేరుకోసము కొట్టుటకును, తోటివారికి దారి కల్పించుటకై కొట్టుటకును ఇంత భేదమున్నది.

మా అత్తగారు ఆ శనగలను కొంతసేపు అటునిటు జరిపి చూచి, "తెలిసిందిలే! పెట్టే చేయి కొట్టగలదని తెలిస్తేనే పిల్లి గిన్నె దగ్గరకు రాదు" అనిరి. మా వారి నవ్వు లోపలినుండి వినబడినది. నేను ఇంత సేపు చెప్పిన దానిని ఆమె ఒక్కమాటలో ముగించిరి.

ఈ యాట పుట్టినప్పుడు సెట్టరనువారే లేరు. 1895లో అమెరికాలోని హోలియోక్ పట్టణమున విలియం మోర్గన్ అను వై.ఎమ్.సి.ఎ. వ్యాయామాధికారి దీనిని కల్పించి 'మింటొనెట్' అని పేరు పెట్టెను. ఒకరు ఎత్తి అందింపగా మరియొకరు ఎగిరి కొట్టు పద్ధతి 1916 ప్రాంతమున ఫిలిప్పైను దీవులలో రూపొందినది. అందించుట, కొట్టుట యను పంపకము ఆటగాండ్రు తమ సౌకర్యమునకై చేసికొన్నది. 1998లో లిబెరో యను రక్షకస్థానమును ఏర్పరచినప్పుడు, ఆ స్థానమువారు నెట్టుకంటె ఎత్తైన బంతిని ఎచ్చటనుండియు కొట్టరాదని నియమము వ్రాసిరి. సెట్టరు కొట్టరాదని అట్టి నియమమేదియు లేదు. నియమము లేనిచోట మనమే నియమము కల్పించి, పిల్లల చేతులు కట్టుట తగునా?

2022లో ఇటలీ పురుషుల జట్టు ప్రపంచ పోటీలను గెలిచినప్పుడు, ఆ పోటీలన్నిటిలో ఉత్తమ క్రీడాకారుడను గౌరవము వారి సెట్టరైన సిమోనె జన్నెల్లికి దక్కినది. సుమారు రెండు మీటర్ల పొడవరి యగు ఆయన రెండవ తాకునకే కొట్టుటలో పేరుపొందినవాడు. ఆయన ముందు వరుసలో నున్నప్పుడు ఎదుటివారు ముగ్గురిని కాచుకొనవలసినదే. అంత పొడవు లేనివారు సెట్టర్లు కారాదా యని అడుగుదురేమో. జపాను స్త్రీల జట్టు సెట్టరు యోషియె తకెషితా పొడవు 159 సెంటీమీటర్లు మాత్రమే. మన యిండ్లలోని ఆడపిల్లలవంటి పొడవే. ఆమె ప్రధాన బలము అందించుటలోని నేర్పు. ఆ నేర్పుతోనే 2012లో లండను ఒలింపిక్ క్రీడలలో ఆమె జట్టు కాంస్యపతకము గెలిచినది. కావున దెబ్బ యొక్కటే సెట్టరునకు ప్రాణమని నేను చెప్పను. అందించుట అన్నము, దెబ్బ అందులో ఉప్పు. ఉప్పు లేనిచో అన్నము చప్పన. ఉప్పే అన్నమైనచో ఎవరును తినలేరు.

ఎప్పుడు, ఎట్లు కొట్టవలెనో మా అమ్మాయి తెలిసినవారిని అడిగి తెలిసికొన్నది. ఆటాడు పిల్లలు గల తల్లులకై దానిని ఇచ్చట వ్రాయుచున్నాను.

మొదటిది, తాను ముందు వరుసలో నున్నదో లేదో ప్రతి సర్వీసునకు ముందు లెక్క చూచుకొనవలెను. రెండవది, బంతి నెట్టు చెంతకు చక్కగా వచ్చినప్పుడే ఈ యుపాయము తగును. బంతి దూరముగా పోయినచో, బుద్ధిగా ఎత్తి అందించుటయే మేలు. మూడవది, తన ఉద్దేశము శరీరమున కనబడరాదు. సెట్టరు సాధారణముగా కుడిభుజము నెట్టు వైపు ఉంచి, మొగము ఎడమప్రక్క స్మాషరు వైపు త్రిప్పి నిలుచును. అందించునప్పుడు ఎట్లు నిలుచునో, ఎట్లు చేతులెత్తునో, అట్లే నిలిచి అట్లే ఎత్తి, కట్టకడపటి క్షణమున ఎడమచేతితో బంతిని మరల్పవలెను. ఎడమచేతి వాటము గల పిల్లలకు ఇచ్చట గొప్ప సౌకర్యము కలదు. ఇంటిలో "ఆ చేయి కాదు, ఈ చేయి" అని మందలింపులు తినిన పిల్ల, సెట్టరు స్థానమున ఆ చేతితోనే మెప్పు పొందగలదు.

నాలుగవది, బంతిని పట్టి విసరరాదు. తాకు క్షణికముగా నుండవలెను. నెట్టును తాకరాదు. అవతలివారి వైపున్న బంతిని చేయి చాచి అందుకొనరాదు. అయిదవది, ఎచ్చట దింపవలెనో ముందే చూచియుంచవలెను. అడ్డుకొనుటకు లేచినవారి వెన్నుచాటున ఖాళీ యుండును. వారి సెట్టరు వెనుకనుండి ముందుకు పరుగెత్తుటకు తొందరపడినచో, ఆమె విడిచిన చోటును ఖాళీయే. ఆరవది, అన్నిటికంటె ముఖ్యమైనది: ఈ పని అరుదుగా చేయవలెను. మాటిమాటికి చేసినచో అవతలివారు కాచుకొని కూర్చుందురు. తోటివారికి విసుగు పుట్టును. తొంబది మారులు నమ్మకముగా అందించిన చేయి కనుకనే, తొంబదియొకటవ మారు కొట్టినప్పుడు ఎవరును ఊహింపలేరు.

మా వారు ఒకనాడు ఆట నేర్పువారితో నెమ్మదిగా మాటాడివచ్చిరి. తప్పెవరిదని వాదమాడలేదు. ముందు వరుసలో నున్నప్పుడు మాత్రము, సెట్టుకు రెండు మారులకు మించకుండ, పిల్లకు అనుమతి యిచ్చి చూడుడని కోరిరి. వారును పెద్దమనసుతో ఒప్పుకొనిరి. ఆ దినమునుండి మా పెరటిలో బట్టలారవేయు తాడు 7 అడుగుల 4 అంగుళముల ఎత్తునకు లేచినది. సాయంకాలము నేను బంతి విసరుటయు, పిల్ల దానిని ఒకమారు అందించుటయు, ఒకమారు దింపుటయు. నా విసరు ఎంత వంకరగా నుండెడిదో చెప్ప సిగ్గగును. "అమ్మా, నీవు ఇట్లా వేస్తే నేను అందించడమే తప్ప కొట్టడం నేర్చుకోలేను" అని పిల్ల నవ్వుచుండెడిది. ఆమె నవ్వుటయే నాకు కావలసినది.

"ఈ ఆట వలన ఆడపిల్లకు ఏమొస్తుంది?" అని ఇరుగమ్మ ఒకామె అడిగెను. మన తెలుగు స్త్రీ జి. మాలినీరెడ్డిగారు 1973లోనే వాలీబాల్ నందు అర్జున పురస్కారము పొందిరి. మన ఎ. రమణారావుగారు శిక్షకులుగా 1990లో ద్రోణాచార్య పురస్కారము పొందిరి. బాడ్మింటనులో రెండు ఒలింపిక్ పతకములు తెచ్చిన పి.వి. సింధు తల్లి విజయగారును, తండ్రి రమణగారును వాలీబాల్ క్రీడాకారులే. రమణగారు 1986 ఆసియా క్రీడలలో కాంస్యము గెలిచిన భారత జట్టులో ఆడినవారు. తల్లి ఆడిన ఆట యొకటి, కూతురు ఆడిన ఆట మరియొకటి. అయినను ఆటస్థలమునకు పోవుట తప్పుగాదని తెలిసిన యిల్లు అది. అందరి బిడ్డలును పతకములు తేనక్కరలేదు. ఓడిన మరునాడు తప్పెక్కడో వెదకి, మరల ఆటకు పోవు ధైర్యము వచ్చినను చాలును.

గత మాసము జగ్గయ్యపేటలో మరియొక పోటీ జరిగినది. ఈమారు మా అత్తగారును గొడుగు పట్టుకొని వచ్చిరి. ప్రతి సర్వీసునకు ముందు మా అమ్మాయి పెదవులు కదలుచుండుట నాకు దూరమునుండి కనబడినది, లెక్క చూచుకొనుచున్నదన్నమాట. మొదటి సెట్టులో ముందు వరుసలో నుండి ఒకమారు బంతిని దింపెను. ఖాళీనేల మీద పడినది. నా ప్రాణము ఈలకై ఎదురుచూచినది. ఈల మ్రోగినది, పాయింటు మాకే వచ్చినది. రెండవమారు దింపినప్పుడు అవతలి పిల్ల యొకతె చురుకుగా పడి అందుకొన్నది. ఆ పాయింటు పోయినది. ఆ పిదప మా పిల్ల ఆ యాటలో మరల కొట్టనే లేదు. కొట్టవలసిన అవసరమును లేకపోయినది. ఆమె చేతులెత్తినప్పుడెల్ల ఎదుటి నడిమి పిల్ల రెప్పపాటు ఆగిపోవుచుండెను. మా స్మాషరు యెదుట ఒక్కతెయే నిలుచుచుండెను.

ఆ యాట గెలిచితిమి. సాయంకాలపు ఆట ఓడితిమి. ఇంటికి వచ్చునప్పుడు, ఆనాడు బస్సులో "పేరుకోసం" అన్న పిల్ల మా అమ్మాయి భుజము మీద చేయి వేసి నడచుచుండెను. ఆమెయే మా జట్టు స్మాషరు. "నీవు మొదట కొట్టావు గనుకనే నాకు దారి దొరికింది" అని అన్నదట. క్షమాపణకంటె ఆ మాటయే నాకు ఎక్కువగా తోచినది.

సోదరీమణులారా! మన యిండ్లలో అందించు పని మనది. ఆ పనిని నేను తక్కువ చేసి చెప్పను. మా వారి ఉపన్యాసములకు పద్యములు వెదకి యిచ్చుట నాకు నేటికిని ఇష్టమైన పనియే. అయినను, ఏనాడో ఒకనాడు బంతి మన చేతికి చక్కగా వచ్చును; ఎదుట నేల ఖాళీగా నుండును; మనము ముందు వరుసలో నుందుము. అప్పుడు "ఇది నా పని కాదు" అని చేయి ముడుచుకొన్నచో నష్టము మన యొక్కరిదే కాదు, మన తోడివారిది కూడ. మన కూతుళ్లకు అందించుట నేర్పుదము. ఏ వేళ కొట్టవచ్చునో లెక్క చూచుకొనుటయు నేర్పుదము. లెక్క తప్పి ఒకమారు ఈల మ్రోగినచో, ఆట మాన్పింపక, ముగ్గుపిండియు చింతగింజలును తీసికొని వారి ప్రక్కన కూర్చుందము.

పెరటిలో పిల్ల తాడు కట్టుటకు పిలుచుచున్నది. ఆరవేసిన బట్టలు ఇంకను తీయలేదు. తక్కిన సంగతులు వచ్చు మాసము.